సత్తెన్న అంచులకు నేను వేసిన తాళం

నా దగ్గరికి వచ్చే పిల్లలు చెప్పులు విప్పేలోపే అడిగేస్తారు. "సార్, విండోసా, లినక్సా? ఏ లాప్‌టాప్ కొనాలె? ఏ ఎడిటర్‌ల రాయాలె?" గద్వాలలో మా ఇంటి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఇలాంటి వాళ్ళ కోసమే పడి ఉంటాయి. కొందరు హైదరాబాద్ కంపెనీలకు ఇంట్లో కూర్చునే పనిచేస్తున్నారు, కొందరింకా కాలేజీలో ఉన్నారు. నేను చాయ్ పెట్టించి తిరిగి ఒక ప్రశ్న వేస్తాను. "ఎవరి కోసం రాస్తున్నవ్?" చాలామందికి ఆ ప్రశ్న నచ్చదు. జవాబు తెలియక ముసలాయన మాట దాటేస్తున్నాడని అనుకుంటారు.

జవాబు నాకు బాగానే తెలుసు. నా పేరు ఖాదర్. ముప్పై ఏళ్ళకు పైగా వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, గద్వాలలో ప్రోగ్రాములు రాసి బతికాను. విత్తనాల వ్యాపారులకు, పత్తి మిల్లులకు, బడులకు, దవాఖానలకు, పెళ్ళిపత్రికలు అచ్చువేసే షాపులకు, నేతగాళ్ళకు రాశాను. డాస్ కాలం నుంచి ఇప్పటిదాకా వచ్చిన సిస్టమ్‌లన్నీ నా చేత్తో ఎక్కించాను, నా చేత్తోనే పీకేశాను. ఈ పనిలో నేను గట్టివాణ్ణి. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటమేమీ లేదు.

గట్టివాణ్ణి కాబట్టే నా తప్పు కూడా గట్టిగానే చేశాను. ఇరవై ఏళ్ళు అది ఎవరి కంటా పడలేదు. పడేసరికి ఒక మనిషి జీవితకాలం పని దానికింద ఇరుక్కుని ఉంది. విండోసా లినక్సా అన్న ప్రశ్నకు నా జవాబు ఆ తప్పులోంచే వచ్చింది కాబట్టి ముందు అది చెబుతాను.

రహమతుల్లా సార్

వనపర్తిలో నాకు పని నేర్పింది రహమతుల్లా సార్. ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు, బయటివాళ్ళకు ప్రోగ్రాములు కూడా రాయించి ఇచ్చేవాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు లేకుండా పోవాలి. మిషన్లకు గుడ్డ ముసుగులుండేవి. మేము పిల్లలం ఉక్కపోతలో చస్తుంటే మిషన్లు ఏసీలో హాయిగా ఉండేవి.

ఆయన పద్ధతి ఒకటే. ఎవరైనా ప్రోగ్రాం కావాలని వస్తే, కీబోర్డు ముట్టుకునే ముందు వాళ్ళ దగ్గరికి పోయి ఒక రోజంతా కూర్చోవాలి. మాట్లాడకూడదు. ఊరికే చూడాలి. నేను ఒకసారి పత్తి మిల్లుకు పోయి మధ్యాహ్నానికే తిరిగొచ్చి, "అంతా అర్థమయింది సార్" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మధ్యాహ్నం తర్వాత ఏమైతదో తెల్వదు గదా బేటా. పో, మల్ల పో" అన్నాడు. పోయాను. మధ్యాహ్నం తర్వాత లారీలు వస్తాయి, తూకం మనిషి మారతాడు, కొత్త మనిషికి ఎడమచేతి వాటం. నేను మనసులో గీసుకున్న స్క్రీను అతనికి పనికిరాదు.

రెండో పద్ధతి ఇంకా విసుగు పుట్టించేది. రాసిన ప్రతి ప్రోగ్రామును కాగితం మీద అచ్చు తీసి, బట్ట అట్టల ఫైల్లో కుట్టి అలమరాలో పెట్టేవాడు. "ఫ్లాపీకి బూజు పడతది, మనిషికి మరుపు పడతది" అనేవాడు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. మా ప్రోగ్రాములను కస్టమర్ల ముందు తనవిగా చెప్పుకునేవాడు. తన పొరపాటు ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. ఆడపిల్లలకు ప్రోగ్రామింగ్ రాదని టైపింగ్ మాత్రమే నేర్పేవాడు, అది శుద్ధ తప్పు. కానీ పైన చెప్పిన రెండు విషయాల్లో ఆయన నూటికి నూరుపాళ్ళూ సరైనవాడు. నేను ఆ రెండూ వదిలేసి, ఆయన దగ్గర కంప్యూటర్ మాత్రం నేర్చుకుని గద్వాలకు వచ్చేశాను.

కోడి, తాళం, కాగితాలు

గద్వాలలో సొంత షాపు పెట్టిన కొత్తలో సత్తెన్న వచ్చాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చీరలకు అంచులు గీసేవాడు. గద్వాల చీర అంటే మీకు తెలిసిందే, ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ అంచులో ఏ నెమలి నిలబడాలో, ఏ కొమ్మ ఎటు వంగాలో సత్తెన్న గ్రాఫు కాగితం మీద గడి గడిగా నింపేవాడు. ఆ గడుల ప్రకారం దళసరి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం పైన తిరుగుతుంది. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు.

నేను కంప్యూటర్ అంటే ఏమిటో చెప్పబోతే ఆయన నన్ను ఆపాడు. "ఉన్నది, లేదు. గంతే గదా? మాకు తాతల నుంచి తెలుసు. నీ మిషిన్‌ల గీసుడు ఎట్లనో చెప్పు" అన్నాడు.

ఆయన కోసం గీసే ప్రోగ్రాం రాశాను. మంచి ప్రోగ్రాం. మొదటిరోజు మౌసు వాడకం చూపించడానికి నేనే ఒక నెమలిని గీసి సేవ్ చేశాను. సత్తెన్న స్క్రీను దగ్గరికి వంగి చూసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఖాదరూ, ఇది నెమలి గాదు, కోడి. రేపో మాపో గుడ్లు పెట్టేటట్టున్నది." నాకు కోపం వచ్చింది. ఆయన మౌసు అందుకుని, ఇంకా చేయి కుదరకముందే, మెడ వెనక్కి తిప్పి చూసే నెమలిని గీశాడు. నా కోపం అంతటితో పోయింది.

తర్వాత రెండేళ్ళు రోజూ పొద్దున వచ్చి కూర్చుని, ట్రంకుపెట్టెలోని గ్రాఫులన్నీ ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆయన నాన్న గీసినవి కొన్ని, తను గీసినవి అన్నీ. పని అయిపోతుండగా ఒక మాట అడిగాడు. "జర భద్రంగ ఉంటయా? మా దిక్కు డిజైన్ బయటికి పోయిందంటే వారంల పది మగ్గాల మీద ఎక్కుతది."

ఆ ఒక్క మాటకు నేను రెచ్చిపోయాను. ప్రపంచంలో ఎవరూ తెరవలేని తాళం వేస్తానన్నాను. డిజైన్లను మామూలు బొమ్మల ఫైళ్ళలో కాకుండా నేను కనిపెట్టిన సొంత పద్ధతిలో దాచాను. వాటిలో ఒక రహస్యపు అంకె కలిపాను. ఆ అంకెను అగ్గిపెట్టెంత బిళ్ళలోకి ఎక్కించి, సత్తెన్న ఇంటికి పంపబోయే కంప్యూటర్ వెనక ప్రింటర్ సాకెట్‌కు తగిలించాను. బిళ్ళ ఉంటేనే డిజైన్ తెరుచుకుంటుంది. బిళ్ళ తీసేస్తే ఫైల్లో ఉన్నదంతా చెత్త.

ఆ నెలలోనే రహమతుల్లా సార్ ఒక పెళ్ళికి గద్వాల వచ్చి మా షాపులో కాసేపు కూర్చున్నాడు. గర్వంగా చూపించాను. ఆయన బిళ్ళను వేలితో తట్టి చూసి, "తాళం మంచిగున్నది బేటా. రెండో చెవి ఎవరి దగ్గర పెట్టినవ్?" అన్నాడు.

"రెండో చెవి ఉంటే అది తాళం ఎట్లయితది సార్?" అన్నాను. ఆయన చాయ్ తాగి పెళ్ళికి పోయాడు.

ఇక కాగితాల సంగతి. చీర మడత పెట్టేటప్పుడు జరీ నలగకుండా మడతల మధ్య కాగితం పెడతారు. సత్తెన్న గ్రాఫు కాగితాలు దళసరివి, మడతకు భలే పనికొస్తాయి. "కంప్యూటర్‌ల ఎక్కినంక ఇవి ఎందుకు సత్తెన్నా, పెట్టె నిండ దుమ్ము" అని నేనే అన్నాను. నేనే కొన్ని తీసి ఆయన చేతికిచ్చాను. అలా ఒక్కొక్క కాగితం ఒక్కొక్క చీరలో కూర్చుని ఎక్కడెక్కడి షాపులకో పోయింది. పాత అట్టలు నలిగిపోతే పారేశారు. కావాలంటే మళ్ళీ కొట్టుకోవచ్చు కదా అన్న ధైర్యం. ఆ ధైర్యం వాళ్ళకు ఇచ్చింది నేనే.

బాలమణి చేతులు

నా గర్వం అక్కడితో దిగలేదు. దిగడం మొదలైంది నాగర్‌కర్నూల్‌లో. బాలమణి అనే ఆమె పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అచ్చువేసే షాపు నడిపేది. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవుల నుంచి వారానికొక వైరస్ వచ్చి ఆమె మిషన్లు ఆగిపోయేవి. అప్పటికి నాకు లినక్స్ పిచ్చి ముదిరి ఉంది. మూడు మిషన్ల మీదా అదే ఎక్కించి, "ఇగ నీకు పరేషానే లేదమ్మా" అని చెప్పి బస్సెక్కాను.

వైరస్ మాట నిజమే, మళ్ళీ రాలేదు. నాలుగో రోజు పోయి చూస్తే ఆమె అటక మీది పాత మిషన్ దింపి దాని మీద పని చేసుకుంటోంది. ముహూర్తాల సీజన్, షాపు నిండా మనుషులు. నేను గొంతు పెంచాను. ఆమె పెంచలేదు.

"మీ సిస్టం మంచిదే సారూ. కాని నా చేతులు దాని కన్న పాతయి. ఏ అక్షరం ఏ మీట కింద ఉన్నదో నాకు తెల్వదు, నా వేళ్ళకు తెలుసు. మీరు మీటలన్ని మార్చి పోయిండ్రు. కొత్త చేతులు నేను యాడికెల్లి తేవాలె?"

ఆమె పాత తెలుగు మీటల వరస మీద ఇరవై ఏళ్ళుగా టైపు చేస్తోంది. ఆ వరస నేను పెట్టిన సిస్టమ్‌లో లేదు. నేను ఆ షాపులో ఒక రోజు ఊరికే కూర్చుని ఉంటే మొదటి గంటలోనే తెలిసేది. రెండు రోజులు అక్కడే ఉండి ఆమె వేళ్ళు ఎలా పోతాయో చూసి, అదే వరసను లినక్స్‌లో కట్టి ఇచ్చాను. ఆమె ఇప్పటికీ దాని మీదే పనిచేస్తోంది. నేను రాసిన వాటిలో నాకు బాగా ఇష్టమైన ప్రోగ్రాం అదే, అందులో చూపించుకోవడానికి స్క్రీను కూడా లేదు.

పద్మ తెచ్చిన డబ్బా

షాపు మూసేసి ఇంటి పట్టున ఉన్నాక ఒక రోజు పొద్దున సత్తెన్న కూతురు పద్మ వచ్చింది. ఇప్పుడు మగ్గాలు నడిపేది ఆమే. చేతిలో స్వీటు డబ్బా. అందులో స్వీట్లు లేవు, గుడ్డలో చుట్టిన పాత హార్డ్ డిస్కు ఉంది. దాని పక్కన నా బిళ్ళ, పచ్చగా చిలుం పట్టి.

"కాకా, నాయనకు కండ్లు పూర్తిగ పోయినయి. కంటి నరం ఎండిపోయిందన్నరు దవాఖానల. ఇంక గీయలేడు" అంది. నేను కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

"కంప్యూటర్ మొన్నటి వానలకే ఖరాబయింది. మగ్గం గుంతల పక్కనే ఉండె గదా, తేమ. ఇద్దరు ముగ్గురికి చూపించిన. డిస్కుల ఫైళ్ళు ఉన్నయంట, తెరుచుకోవంట. బిళ్ళ చచ్చిపోయిందన్నరు." ఆమె డబ్బా మూత పెట్టి, "నాయనకు చెప్పలేదు కాకా. ఇంటికి ఎవరొచ్చినా, నేను గీయకున్నా ఏం కాదు, అన్ని ఖాదర్ మిషిన్‌ల భద్రంగ ఉన్నయి అని చెప్పుకుంటుండు" అంది.

ఆ మనిషి కళ్ళు పోయినా నిబ్బరంగా ఉన్నది నా మీద నమ్మకంతో. నేనేమో ఆయన పనినంతా ఒక డబ్బాలో పెట్టి చెవి పారేసినవాణ్ణి.

డిస్కులోని ఫైళ్ళను బయటికి తీయడానికి పది నిమిషాలు పట్టింది. పేర్లన్నీ కనిపించాయి. సత్తెన్న పెట్టుకున్న పేర్లే, నెమలి మూడు, మామిడి కొమ్మ, రెండు తలల పక్షి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఈ కాలపు కంప్యూటర్లకు ఆ ప్రింటర్ సాకెట్టే లేదు. అందులో ఎవరి తప్పూ లేదు, కాలం పోతూ ఉంటుంది. పాత సాకెట్ ఉన్న మిషన్ వెతికి పెట్టినా బిళ్ళ పలకలేదు. నేను రాసిన అసలు ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలకు, రహమతుల్లా సార్ చెప్పినట్టే, బూజు పట్టింది. ఇక ఆ రహస్యపు అంకె ఏమిటో నాకు గుర్తు లేదు. సార్ చెప్పిన రెండో ముక్క కూడా నిజమైంది.

మూడు వారాలు గుర్తొచ్చిన ప్రతి అంకె వేసి చూశాను. పుట్టినరోజులు, పెళ్ళిరోజు, బండి నంబరు. ఇప్పుడు అందరూ వాడుతున్న ఏఐని కూడా అడిగాను. నా తాళం పద్ధతి వివరించి, దీన్ని తెరవడం అసాధ్యం కదా అన్నాను. అసాధ్యమేమీ కాదనీ, ఇది చాలా బలహీనమైన పద్ధతనీ అది మర్యాదగా చెప్పింది. ఇరవై ఏళ్ళ కింద ఎవరైనా ఆ మాట అని ఉంటే షాపులోంచి బయటికి పంపేవాణ్ణి. ఇప్పుడు మాత్రం సంతోషంతో కుర్చీలోంచి లేచాను.

సంగతి ఏమిటంటే, నేను చేసింది అసలు బొమ్మకు అంకెను కలపడం మాత్రమే. ఏదైనా ఒక్క డిజైను అసలు రూపం చేతిలో ఉంటే, దాన్నీ తాళం పడిన ఫైలునూ పక్కపక్కన పెట్టి తేడా తీస్తే చాలు, ఆ తేడాయే అంకె. ఒక్క డిజైనుతో అంకె దొరికితే మిగతావన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. కానీ అసలు గ్రాఫులు చీరల మడతల్లో పోయాయి.

"గ్రాఫు లేకుంటే ఏంది కాకా, చీర ఉన్నది గదా" అంది పద్మ. వాళ్ళమ్మ చీర, నెమలి మూడు అంచుది, బీరువాలో ఉంది. నాకు ఆ ఆలోచన రాలేదని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

నాలుగు పొద్దుటి పూటలు పట్టింది. పద్మ భూతద్దంతో అంచు మీద వంగి ఒక్కొక్క దారం చదివేది. "ఉన్నది, ఉన్నది, లేదు, ఉన్నది." నేను లాప్‌టాప్‌లో కొట్టేవాణ్ణి. నెమలి పూర్తయింది. తేడా తీశాను. వచ్చిందంతా చెత్త. పద్మ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఒక్క దారం కూడా తేడా లేదు. మళ్ళీ చెత్తే.

మగ్గం వైపు

ఇక సత్తెన్నకు చెప్పక తప్పదని నేనే అన్నాను. పద్మ వద్దంది. నేను వినలేదు. ఆయన మగ్గం పక్కన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాను. తాళం, బిళ్ళ, మరిచిపోయిన అంకె, కాగితాలు పారేయమన్నది నేనే అన్న సంగతి కూడా.

ఆయన మంచం పట్టెను తడుముతూ అంతా విన్నాడు. తర్వాత ఆయన అన్నాడు. "కండ్లు పోయినయంటే దేవుడు తీసుకపోయిండనుకున్న. ఎవన్ని ఏమంట? ఇది మాత్రం నువ్వు చేసినవ్ ఖాదరూ."

అవునన్నాను. చెప్పుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఆయనకు కనిపించదనుకున్నాను కానీ వినిపించి ఉంటుంది.

కాసేపటికి ఆయనే అడిగాడు. "చీర చూసి లెక్కపెట్టినమంటివి. ఎట్ల పర్చిండ్రు?"

"ఎట్ల ఏంది, మంచం మీద, అంచు పైకి కనపడేటట్టు."

"ఏ మొఖం పైకి?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. పద్మ మాత్రం నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సత్తెన్న ముఖం మీదికి పాత నవ్వు కొంచెం వచ్చింది.

"మా ఇంట్ల చీర బోర్ల నేస్తరు. మంచి మొఖం కిందికి, ఎనక మొఖం నేసేటోని దిక్కు. నేను గ్రాఫు గీసింది నేసేటోనికి. నువ్వు కట్టుకునేటోళ్ళ దిక్కు నుంచి చూస్తున్నవ్. నీ లెక్కల నెమలి ఎటు చూస్తుంది? ఎడమకా? నా గ్రాఫుల కుడికి చూస్తది. మగ్గం దిక్కు కూసోని చూడు."

పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య తిరిగిన పద్మ కూడా, చీర బీరువాలోంచి తీయగానే, ఆడవాళ్ళు చీర చూసినట్టే చూసింది. నేనైతే రెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని గ్రాఫులు ఎక్కించుకున్నా, ఒక్కరోజు కూడా ఆ మగ్గం ముందు కూర్చోలేదు. వనపర్తిలో నేర్పిన మొదటి పాఠమే అది.

లాప్‌టాప్ అక్కడే మంచం మీద తెరిచాను. కుడి ఎడమలు తారుమారు చేయడానికి ఒక్క వరస రాశాను. తేడా తీశాను. ఈసారి అవే కొన్ని అంకెలు అదే వరసలో మళ్ళీ మళ్ళీ వచ్చాయి. వాటిని చూడగానే గుర్తుపట్టాను. అది మా షాపు పాత ల్యాండ్‌లైన్ నంబరు. ప్రపంచంలో ఎవరూ తెరవలేని తాళానికి నేను పెట్టిన చెవి, షాపు బోర్డు మీద రాసి ఉన్న ఫోన్ నంబరు.

పద్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అంకె ఇచ్చి చూస్తే మామిడి కొమ్మ తెరుచుకుంది, తర్వాత రెండు తలల పక్షి, తర్వాత అన్నీ. ఆమె ఒక్కొక్క పేరూ గట్టిగా చదువుతుంటే సత్తెన్న "ఉన్నదా? అది ఉన్నదా?" అని అడుగుతూ కూర్చున్నాడు.

మరి ఏ సిస్టమ్?

వరండాలో కూర్చునే పిల్లలకు ఇప్పుడు చెబుతాను, దాచుకోకుండా. రెండూ నేర్చుకోండి. మీ చుట్టూ ఉన్న షాపుల్లో, ఆఫీసుల్లో ఎక్కువ విండోసే ఉంది, మీరు రాసింది వాళ్ళ మిషన్ మీద నడవాలి. సర్వర్లలో ఎక్కువ లినక్సే ఉంది, నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం రానివాడు ఎప్పుడూ ఎవరో ఒకరి సాయం కోసం ఎదురుచూస్తుంటాడు. లాప్‌టాప్ మెరుపుల కోసం అదనంగా ఖర్చుపెట్టకండి, మెమరీ కోసం పెట్టండి. ఎడిటర్ గురించి కొట్లాడుకునేవాళ్ళు సాధారణంగా పని తక్కువ ఉన్నవాళ్ళు. రాసిన ప్రతి మార్పు చరిత్ర ఉండేలా గిట్‌లో పెట్టండి, అది రహమతుల్లా సార్ బట్ట ఫైలుకు ఈనాటి రూపం. ఏఐ చేత రాయించండి, కానీ అర్థం కాని వరస ఒక్కటీ ఉంచకండి. రేపు పాడైతే గద్వాల బస్సెక్కి వచ్చి బాగుచేయాల్సింది అది కాదు, మీరు.

ఇవన్నీ పదేళ్ళలో మారిపోతాయి. మారనివి నాకు రెండే కనిపించాయి. పని చేసే మనిషి పక్కన, ఆ మనిషి కూర్చునే వైపే కూర్చోండి. వాళ్ళ సొత్తును మీరు లేకుండా కూడా తెరుచుకునే రూపంలో ఉంచండి. మీ ప్రోగ్రాం చచ్చిపోయినా, మీరే చచ్చిపోయినా, వాళ్ళు తమది తాము తీసుకోగలగాలి. కొత్త పనిముట్టు ఏదైనా సరే, నేను ముందు దాంట్లోంచి బయటికి వచ్చే దారి చూస్తాను. అది లేనిదాన్ని ఎంత ముద్దుగా ఉన్నా ముట్టుకోను.

సత్తెన్న డిజైన్లు ఇప్పుడు మామూలు బొమ్మల ఫైళ్ళుగా పద్మ ఫోన్లో ఉన్నాయి, నా దగ్గర ఉన్నాయి, గ్రాఫు కాగితం మీద అచ్చు తీసి ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ కాగితాలు ముట్టుకుంటే ఊరుకోనని పద్మ ఇంట్లో అందరికీ చెప్పింది.

కానీ తెర మీదా కాగితం మీదా ఉన్నది సత్తెన్నకు కనిపించదు. అందుకని ఊళ్ళో అట్టలు కొట్టే ఆయన చేత, ఫైళ్ళలోంచి ఏవి చేతికొస్తే అవి, ఒక డజను డిజైన్లకు అట్టలు కొట్టించి తీసుకుపోయాను. పేర్లు చెప్పలేదు. మొదటి దండ ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన రెండు చేతుల వేళ్ళూ రంధ్రాల మీద నడిపించుకుంటూ ఒక్కొక్క అట్టా దాటాడు. పది పదిహేను అట్టల తర్వాత, "మామిడి కొమ్మ. మా నాయనది" అన్నాడు. రెండోది త్వరగానే చెప్పాడు. మూడోదానికి మెడ దాకా పోయి, "నెమలి, ఎనక్కి చూసేది" అన్నాడు. పద్మ మగ్గం ఆపి వచ్చి నిలబడింది. ఆయన చేతులు చూస్తుంటే నాకు వాటి మీదినుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు.

ఆరో దండ దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. వెనక్కి పోయి మళ్ళీ మొదటి అట్ట నుంచి తడిమాడు. ఫైలు పాడైందేమో, అంకె ఎక్కడైనా తప్పిందేమో అని నేను దండ వైపు వంగాను.

"ఇది నాది గాదు" అన్నాడు.

"నీదే సత్తెన్నా, నీ ఫైళ్ళలనే ఉన్నది."

"కాదు. ఇది నీది. ఇది ఆ పొద్దటి కోడి." ఆయన దండ మడిచి నా చేతుల్లో పెట్టాడు. "దీనికైతే తాళం ఏస్కో ఖాదరూ. నేను ఏమనను."